గుడి లేని పిల్లి

మేం హన్మకొండ సుబేదారిలో ఒక మేడ మీది వాటాలో అద్దెకుంటున్నాం. కింద ఇంటి యజమానురాలు ఉంటుంది. వాడకట్టంతా ఆమెను ఖాలమ్మ, అంటే పిన్నమ్మ అని పిలుస్తుంది, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. నేను రైల్వేలో సిగ్నళ్ల మరమ్మతు పని చేస్తాను. అప్పట్లో డ్యూటీ డోర్నకల్‌లో. పొద్దున బండెక్కి పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాణ్ణి. ఇంటి మంచీ చెడూ అన్నీ నా భార్య చేతి మీద నడిచేవి.

సాయంత్రాలు ఆమె ముందుగదిలో కొత్తవాడ జంపఖానా పరిచి, చుట్టుపక్కల పిల్లలకు తెలుగు చెప్పేది. వాళ్లంతా ఇంగ్లిష్ మీడియం పిల్లలు. మాట్లాడమంటే గలగలా మాట్లాడతారు, రాయమంటే పెన్సిల్ చివర నములుతారు. బజారులో దొరికే వాచకాల్లో అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని వాళ్ల కోసం ఒక ప్రింటర్ కొనుక్కుంది. సీసాలోని ఇంకు నేరుగా ట్యాంకులో పోసుకునే రకం. కంప్యూటర్లో బొమ్మలు వెతికి, కింద పెద్ద అక్షరాలు పెట్టి తానే పేజీలు తయారుచేసేది. గుణింతాల దగ్గర మాత్రం చాలా పట్టింపు మనిషి.

"కొమ్ము తీసేస్తె గుర్రం గర్రమైతది. గర్రం మీద ఎవరెక్కుతరు చెప్పుండ్రి?" అనేది. పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. సెలవు రోజుల్లో లోపలి గదిలో పేపరు చదువుకుంటూ నేనూ నవ్వుకునేవాణ్ణి.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడైంది. డ్యూటీకి తయారవుతున్నవాణ్ణి పోయి చూస్తే, ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. నా వైపు చూసి ఏదో చెప్పబోయింది. మూతి ఒక పక్కకు పోయింది గానీ మాట రాలేదు. ఖాలమ్మ ఆటో పిలిపించింది. దవాఖానలో పక్షవాతం అన్నారు. వేళకు తెచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదన్నారు.

ఇంటికి వచ్చేనాటికి కాలు కొంచెం నిలిచింది. చెయ్యి ఇంకా బలహీనంగానే ఉంది. మాట మాత్రం తిరిగి రాలేదు. అన్ని మాటల్లో ఒక్క "అది" మిగిలింది. ఆకలైనా అది, ఫ్యాను వేయమన్నా అది, కాళ్ల మీద దుప్పటి తీయమన్నా అది. నేను అన్నం తెస్తే ఆమెకు నీళ్లు కావాలి. నీళ్లు తెస్తే కిటికీ మూయాలి. మూడోసారి తప్పిపోయేసరికి ఆమె కళ్లు మూసుకునేది. కోపంతో కాదు, అలసిపోయి.

నేను దీర్ఘకాలం సెలవు పెట్టాను. చూడవచ్చిన వాళ్లు ఆమెకు చెముడు వచ్చినట్టు గట్టిగట్టిగా మాట్లాడేవాళ్లు, లేదంటే ఆమె అక్కడ లేనట్టు నాతోనే మాట్లాడేవాళ్లు. ఖాలమ్మ ఒక్కతే ఎప్పటిలా మాట్లాడేది. మధ్యాహ్నం పప్పుచారో, ఖట్టా దాల్చానో గిన్నెలో పట్టుకుని మెట్లెక్కి వచ్చి, మంచం పక్క కుర్చీ లాక్కుని, కూరగాయల ధరల నుంచి మనవరాలి పెళ్లి సంబంధాల దాకా చెప్పేది. మధ్యమధ్యలో "నువ్వేమంటవు బిడ్డా?" అని ఆగేది. ఆమె "అది" అనేది. "గదే కదా నేనంటాన" అని ఖాలమ్మ మళ్లీ అందుకునేది.

వారానికి రెండుసార్లు దవాఖానలో స్పీచ్ థెరపీ ఉండేది. అక్కడి మేడం చిన్న వయసు మనిషి, నెమ్మదస్తురాలు. మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"ఆమెకు తెలివికేం కాలేదు సార్. లోపల మాట ఉన్నది, బయటికొచ్చే తొవ్వ దొరుకుతలేదు. నేను ఫోన్ల బొమ్మలు పంపుత. ఇంట్ల ప్రింట్ తీసి రోజూ చూపెట్టుండ్రి. బొమ్మ కింద పేరు దొడ్డుగ, నల్లగ ఉండాలె. కుడి పక్క చూపు జర తగ్గింది కదా, లేతగ ఉంటె ఆమెకు ఆనదు."

"చదువుతదా మేడం?"

"ఇప్పుడే చెప్పలేం. కొందరికి చదువు కూడా పోతది. చూద్దాం."

ఆ చివరి మాట నా చెవిలో ఉండిపోయింది. ఆటోలో ఇంటికి వస్తూ, దుకాణాల బోర్డుల మీదుగా ఆమె చూపు ఎటు పోతోందో గమనించాను. ఏమీ తెలియలేదు.

ప్రింటర్ అప్పటికి చిన్నగదిలో కిటికీ పక్కన, తువ్వాలు కప్పుకుని ఉంది. మంచానికి చోటు కావాలని ముందుగదిలోంచి తీసి అక్కడ పెట్టాం. ఆమె పడిపోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తువ్వాలు తీసి, దుమ్ము తుడిచి, కాగితాలు పెట్టి మొదటి బొమ్మ ప్రింట్ కొట్టాను. ఆవు. రంగులు బాగానే వచ్చాయి. పచ్చగడ్డి పచ్చగానే ఉంది. కింద "ఆవు" అన్న పేరు మాత్రం బూడిదతో రాసినట్టుంది. వెలుతురుకు పట్టుకుంటే గానీ కనబడలేదు.

అయినా తీసుకుపోయి చూపించాను. ఆమె ఒకసారి చూసి ముఖం గోడ వైపు తిప్పుకుంది. చదవలేక తిప్పుకుందా, కనబడక తిప్పుకుందా, ఈ తతంగం మీద విసుగా? నేను ఎలా తెలుసుకోను? ముందు నలుపు సరిగా వస్తే, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఆ పూట నుంచి ప్రింటర్ బాగుచేయడమే నా పనైపోయింది.

ముందు ట్యాంకు చూశాను. నల్ల ఇంకు సగానికి పైగానే ఉంది. కంప్యూటర్లో సెట్టింగులు వెతికాను. ఇంకు ఆదా చేసే పద్ధతిలో ఉందేమోనని మార్చి, నాణ్యత ఎక్కువ ఉండేట్టు పెట్టాను. తేడా లేదు. కాగితం మార్చాను. అదే బూడిద. రైల్వేలో మేం ఏ సిగ్నల్ వెలగకపోయినా ముందు బల్బు చూస్తాం, తర్వాత కరెంటు, తర్వాత తీగ. ఆ లెక్కనే పోదామనుకుని, ప్రింటర్‌తో వచ్చిన పుస్తకం వెతికి కూర్చున్నాను. ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు తెరిచి ఉన్నాయో మూసుకున్నాయో చూసుకునే పరీక్ష ఒకటుందని అందులో ఉంది. దాన్ని నడిపితే కాగితం మీద నాలుగు రంగుల్లో సన్నగీతల గళ్లు వచ్చాయి. పసుపు, నీలం, ఎరుపు గళ్లు నిండుగా ఉన్నాయి. నల్లగడిలో పై సగం అసలు లేదు. కింది సగంలోనూ గీతలు చీమలు కొరికినట్టు తెగి ఉన్నాయి.

సంగతి తెలిసింది. అన్నాళ్లు ఊరికే ఉండడంతో నల్ల ఇంకు ఆ రంధ్రాల్లో ఎండిపోయింది. ఆ రంధ్రాలుండే ప్రింటర్ తల శుభ్రం చేసే మీట నొక్కాను. ప్రింటర్ లోపల గరగరమని, గుటకలు వేసినట్టు చప్పుడు చేసి ఆగింది. మళ్లీ పరీక్షిస్తే కింది సగంలో గీతలు కలిశాయి. సంతోషపడి ఇంకోసారి నొక్కాను. కొంచెం మెరుగు. ఇంకోసారి నొక్కాను. ఈసారి మెరుగు లేదు సరికదా, మొదట కలిసిన గీతలే ఒకటి రెండు తెగాయి. తెరిచి ఉన్న తలుపు అవతల మంచం మీద నుంచి ఆమె చూస్తూనే ఉంది. "అది" అంది ఒకసారి. "చేస్తాన, జర ఆగు" అన్నాను. మళ్లీ "అది" అంది, ఈసారి కొంచెం గట్టిగా. నేను దుప్పటి కోసమనుకుని లేచి పోయి సర్దాను. ఆమె దుప్పటి నెట్టేసింది.

మర్నాడు పొద్దున వచ్చినంత వరకు చాలనుకుని మిగతా బొమ్మలు కొట్టాను. పిల్లి, కాకి, గిన్నె. అక్షరాల కింది భాగం నల్లగా, నిండుగా ఉంది. పై భాగంలో మాత్రం ఒక తెల్లని పట్టీ అడ్డంగా పోయింది. నేను సరిగా చూసుకోలేదు కూడా. నల్లగా కనిపిస్తున్నాయన్న సంబరంలో పిల్లి కాగితం ఆమె ఒళ్లో, ఎడమ పక్కగా, కనబడే చోట పెట్టాను.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ఎడమచేత్తో నా చొక్కా జేబు వైపు చూపించింది. ఫోను ఇచ్చాను. కాదన్నట్టు తల ఊపింది. కళ్లద్దాలు ఇచ్చాను. కాదు. జేబులో మిగిలింది పెన్ను. అది ఇచ్చాను. మూత తీయడం రాక నా వైపు చాపింది. తీసి ఇచ్చాను.

రాసే చెయ్యి కాదు అది. పెన్ను పిడికిట్లో పట్టుకుని కాగితం మీద ఆనించింది. మొదట గీత ఎటో పోయింది. ఊపిరి బిగబట్టి మళ్లీ ఆనించి, మొదటి అక్షరం నెత్తి మీద వంకరగా ఒక సున్న లాంటిది చుట్టింది. పక్క అక్షరం మీద కూడా చుట్టింది. చుట్టి, కాగితాన్ని వేలితో నా వైపు నెట్టింది.

అప్పుడు చూశాను నేను. ఆ తెల్ల పట్టీ సరిగ్గా గుడుల మీద నుంచి పోయింది. కాగితం మీద పడింది పిల్లి కాదు, పల్ల. ఆమె రెండు గుడులూ పెట్టింది.

కాకి కాగితం తీసి ఇచ్చాను. "కాక" అని ఉంది. రెండో అక్షరానికి గుడి పెట్టింది. గిన్నె ఇచ్చాను. "గ" మీద గుడి పెట్టి, "న్న" దగ్గర ఆగింది. పెన్ను గాల్లోనే ఉంది. కిందా మీదా చూసి, చివరకు చిన్న కొక్కెంలా ఏదో గీసింది. అది ఎత్వమే. పిల్లలకు దిద్దినట్టే పక్కన సున్నా చుట్టి, నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. హోంవర్క్ అశ్రద్ధగా చేసుకొచ్చిన పిల్లలను ఆమె అలాగే చూసేది.

"నీకు చదువత్తాంది" అన్నాను. నేను పుట్టిన ఊరి యాస ఆ క్షణంలో దానంతటదే వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ముందే తిరిగాయి. పక్కన కూర్చుని ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాను. పెన్ను ఇంకా అందులోనే ఉంది. చేతికి సిరా అంటింది.

కాసేపటికి ఆమె నా చెయ్యి వదిలించుకుని, చిన్నగది వైపు చూపించి "అది" అంది. లేపమంటోందని అర్థమైంది. భుజం కింద చెయ్యి వేసి నడిపించాను. ప్రింటర్ ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. నేను మళ్లీ తల శుభ్రం చేసే మీట నొక్కబోతే నా చేతి మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. ముందురోజు మంచం మీద నుంచి చెప్పాలని చూసింది కూడా ఇదేనని నాకు తట్టింది. మాటిమాటికీ నొక్కొద్దని.

"మరేం చేద్దాం?" అన్నాను.

పైమూత చూపించింది. ఎత్తాను. లోపల ట్యాంకుల నుంచి ఇంకు మోసుకుపోయే సన్నగొట్టాలు నాలుగు పక్కపక్కన ఉన్నాయి. నల్లగొట్టం మీద వేలు పెట్టింది. వంగి చూస్తే ఆ గొట్టంలో నలుపు మధ్యమధ్య తెగి, ఖాళీ జాగాలున్నాయి. గాలి. ముందుగదిలోంచి మోసేటప్పుడు ఒరిగిందేమో, ఎట్లా దూరిందో గాలి దూరింది. రంధ్రాలు ఎంత కడిగినా పైనుంచి ఇంకు అందకపోతే ఏం లాభం? తీగ తెగితే బల్బు మార్చుకుంటూ కూర్చున్నట్టయింది నా పని.

ఆమె నల్ల ట్యాంకు మూత మీద తట్టి, నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. "అది" అంటుందనుకున్నాను.

"కాటుక" అంది.

అన్ని రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన కొత్తమాట. నేను మరోమాట అడక్కుండా పరుగున పోయి, అద్దం దగ్గర అల్మారాలోని కాటుక డబ్బీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె డబ్బీని చూసింది, నన్ను చూసింది, ప్రింటర్‌ను చూసింది. భుజాలు కదలడం మొదలైంది. భయపడి వంగి చూస్తే నవ్వుతోంది. చప్పుడు లేకుండా, మూతి ఒక పక్కకే సాగుతూ, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. అప్పుడు నాకు వెలిగింది. నల్ల ఇంకు. ట్యాంకు నింపమంటోంది.

నల్ల సీసా ఇంట్లో లేదు. ఖాలమ్మను పైన కూర్చోబెట్టి, హన్మకొండ చౌరస్తాకు పోయి తెచ్చాను. ట్యాంకు మీది గీత దాకా పోశాను. పుస్తకంలో చివరి పేజీల్లో పెద్ద శుభ్రం అని ఇంకొకటుంది. గొట్టాల్లోని గాలినంతా లాగేసి, కొత్త ఇంకు నింపేది. ఇంకు ఎక్కువ తాగుతుందని, ట్యాంకులో తగినంత ఉంటేనే చేయాలని అందులో హెచ్చరిక ఉంది. ఆమెకు చూపించాను. చదివిందో, ముందే తెలుసో, తల ఊపింది. ఒకే ఒక్కసారి నడిపాం. చప్పుడు ఆగాక పరీక్ష పేజీ తీయబోతే మళ్లీ చెయ్యి అడ్డం పెట్టింది. అరచెయ్యి బోర్లించి, మెల్లగా కిందికి అదిమినట్టు చూపించింది. పిల్లలను నిద్రపుచ్చేటప్పుడు చేసే సైగ.

"ఊకె ఉండనియ్యమంటాందేమో బేటా" అంది ఖాలమ్మ వెనకనుంచి. "పొద్దుగాల చూద్దువు తియ్యి."

మర్నాడు పొద్దున ముఖం కడుక్కోకముందే ఇద్దరం ప్రింటర్ ముందు ఉన్నాం. పరీక్ష పేజీలో నల్లగడి పై నుంచి కిందిదాకా ఒక్క గీత తెగకుండా వచ్చింది. తర్వాత ఆవు కొట్టాను. దొడ్డుగా, నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది పేరు. ఆమె తడి ఆరిందో లేదో చూసినట్టు వేలితో ముట్టుకుంది.

దవాఖానలో ఆ గుడులు పెట్టిన కాగితాలు చూపించినప్పుడు మేడం వాటిని పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది.

"ఇవి మీరు కావాలని తీసేసిండ్రా సార్?"

"లేదు మేడం. ప్రింటర్ ఖరాబై పోయినయి."

మేడం నవ్వింది. నా భార్య వైపు తిరిగి, "టీచరమ్మా, ఇక తప్పుల్లేని కాగితాలు మీకు పనికిరావు" అంది. ఆ రోజు నుంచి ఇంటి పాఠం మారింది. ప్రింటర్ బాగానే పనిచేస్తోంది కాబట్టి కంప్యూటర్లో నేనే ఒక దీర్ఘమో, కొమ్మో, ఒత్తో తీసేసి కొట్టాలి. ఆమె దిద్దాలి, దిద్దినదాన్ని పలకడానికి చూడాలి. ఏది తీయాలో ఎంచుకోవడం నాకొక సరదా అయిపోయింది. తేలికవి ఇస్తే కాగితం పక్కకు తోసేసేది. దొరకదనుకున్నది కూడా పట్టుకునేది. చేత్తో దిద్దగలిగినంత తొందరగా నోరు పలికేది కాదు. బడి అనాల్సిన చోట చాక్‌పీస్ అనేది, అన్నం అనాల్సిన చోట గరిటె అనేది. మొదట్లో ఆ తప్పు మాటలకు ఆమె ముఖం చిన్నబోయేది. ఎక్కడో పక్కింటి దాకా వచ్చిందిలే, ఇంకో తలుపు కొడితే మన ఇల్లే కదా అనేవాణ్ణి. నిజంగానే చాలా మాటలు అట్లాగే, చుట్టుతిరిగి ఇల్లు చేరాయి. కొన్ని ఇప్పటికీ చేరలేదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఖాలమ్మ ఆ కాగితాలు తిప్పి చూస్తూ, "నాకు ఉర్దూ వస్తది గని తెలుగు చదువ రాదు. పుట్టిన కాన్నుంచి మాట్లాడుతాన, ఒక్క అక్షరం గుర్తువట్ట. నాకు చదువు రాదు, నీకు మాట రాదు. ఇద్దరం సరిపోయినం బిడ్డా" అంది.

నా భార్య ఆమెను తేరిపార చూసింది. తర్వాత నన్ను పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద వేలు పెట్టి చూపించింది. పిల్లల కోసం ఆమె ఎప్పుడో చేసుకున్న పేజీలు అందులో ఉన్నాయి. అ, అమ్మ. ఆ, ఆవు. అవి కొట్టమంది.

"ఈ వయసుల నాకెందుకు బిడ్డా" అని ఖాలమ్మ రెండురోజులు మొహమాటపడింది. తర్వాత కళ్లద్దాలు తెచ్చుకుంది. మంచం మీద ఒకరు, కుర్చీలో ఒకరు. నా భార్య అక్షరం మీద వేలు పెడుతుంది. ఖాలమ్మ తనకు తోచింది అంటుంది. తప్పైతే ఈమె సరైనది పలికి చూపించాలి. పిల్లలకు చెప్పేటప్పుడున్న పట్టుదలే మళ్లీ ముఖంలోకి వస్తుంది. ఆ పట్టుదలలో, మేడం ముందు రాని శబ్దాలు కూడా కొన్ని వచ్చేస్తాయి.

నాకు తర్వాత పక్కనే ఉన్న కాజీపేటకు బదిలీ ఇచ్చారు. ఇప్పుడు డ్యూటీ నుంచి తొందరగా వస్తున్నాను. ఆమె కర్ర లేకుండా ఇంట్లో తిరుగుతుంది, చిన్నచిన్న మాటలు కలిపి చెప్పగలదు. పెద్ద వాక్యం మొదలుపెడితే మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు నేను మాట అందించకుండా ఆగడం నేర్చుకున్నాను. అది నాకు సులువుగా రాలేదు.

మొన్న నేను వచ్చేసరికి ఇద్దరూ ఒత్తుల దగ్గర ఉన్నారు. ఖాలమ్మ ఒక మాటను కూడబలుక్కుంటూ "మ… బ్బు" అంది. "మబ్బు" అని మళ్లీ చదివింది. నా భార్య తల ఊపి, "మంచిగ… చదివినవ్" అంది. మధ్యలో కొంచెం ఆగింది గానీ, మాట చక్కగా వచ్చింది.

"చాయ్ తాగుతరా?" అన్నాను చెప్పులు విడుస్తూ.

"చదువుకుంటానం. జర ఆగు బేటా" అంది ఖాలమ్మ, కాగితం మీది నుంచి తల ఎత్తకుండా.

నేను వంటింట్లోకి పోయి ముగ్గురికీ చాయ్ నీళ్లు పెట్టాను.